ఈత రాని అమ్మతో గ్రాండ్ కాన్యన్ నదీయాత్ర: సగమా, మొత్తమా?

పట్టిసీమ రేవు (ఫీనిక్స్) అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మా అమ్మకు అరవై రెండేళ్లు. మాది దేవీపట్నం దగ్గర పల్లె. తాతగారికి నాటు పడవ ఉండేది, అమ్మ బాల్యమంతా గోదావరి మీదే గడిచింది. అయినా ఈత నేర్చుకోలేదు. ఆ రోజుల్లో ఆడపిల్లలకు ఎవరూ నేర్పలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన వార్త టీవీలో చూసినప్పటి నుంచి ఆమె లాంచీ ఎక్కలేదు. పాపికొండల ఊసు ఎత్తితేనే లేచి లోపలికి వెళ్లిపోయేది.

మొన్న మా దగ్గరికి వచ్చినప్పుడు గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు తీసుకెళ్లాను. డెజర్ట్ వ్యూ దగ్గర నిలబడి, అడుగున సన్నటి తాడులా కనిపిస్తున్న కొలరాడో నదిని చాలాసేపు చూసి, "ఆ నీళ్ల దగ్గరికి పోయే దారి లేదా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఇన్నేళ్ల తరువాత నది దగ్గరికి వెళ్లాలని తానే అడగడం అదే మొదటిసారి.

రాత్రుళ్లు ఒడ్డున పడుకుంటూ, గైడ్లతో పడవల మీద రోజుల తరబడి సాగే యాత్రలు ఉన్నాయని తెలుసుకున్నాను. పూర్తి యాత్ర రెండు వారాలు దాటుతుంది. సగం యాత్ర అయిదారు రోజులు: లోయ అడుగున ఉన్న ఫాంటమ్ రాంచ్ అనే మజిలీ దగ్గర దిగి, నడిచి పైకి రావాలి. అమ్మ వయసుకు సగమే మంచిదని నాకు అనిపిస్తోంది. మోటారు పడవా, తెడ్ల పడవా అన్నది ఇంకో సందేహం. ఈత రానివాళ్లను అసలు రానిస్తారా? అమ్మ శాకాహారి. మరుగుదొడ్డి సంగతి ఎలా ఉంటుంది? వెళ్లివచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.

---

నెవాడా ఎండ:

నేను జులైలో మోటారు పడవ మీద వారం రోజులు వెళ్లాను. అనుభవం గొప్పదే, అయినా అమ్మగారిని తీసుకెళ్లవద్దనే చెబుతాను. లోయ అడుగున పగలు 40 డిగ్రీలు దాటింది. ఇసుక మీద చెప్పులు లేకుండా రెండు అడుగులు వేయలేకపోయాం. రాత్రి పది దాటినా రాళ్లు వేడి కక్కుతూనే ఉన్నాయి.

గ్లెన్ కాన్యన్ ఆనకట్ట కింది నుంచి లీస్ ఫెర్రీ దాకా సుమారు పదిహేను మైళ్ల ప్రయాణం ఒకటి ఉంది. ఒక్క పూటలో అయిపోతుంది. నీరు అద్దంలా ఉంటుంది, ఉరవళ్లు ఏమీ ఉండవు, రెండు వైపులా ఎర్రటి గోడలు. గుర్రపు నాడా వంపును కింది నుంచి చూడవచ్చు. నది దగ్గరికి వెళ్లాలన్న అమ్మగారి కోరిక దానితో తీరుతుంది. పెద్ద యాత్ర మీరు ఒక్కరే తరువాత చేయండి.

---

సాగర్ దిగువ (టూసాన్):

పై మిత్రులు ఎండ గురించి రాసింది అక్షరాలా నిజం. అయినా నా సలహా వేరు. కాస్త పెద్ద జవాబు రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మాది మాచర్ల. ఇరవై ఆరేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. 2018 సెప్టెంబరు చివరలో, నా యాభై అయిదో ఏట, లీస్ ఫెర్రీ నుంచి డైమండ్ క్రీక్ దాకా 226 మైళ్లు తెడ్ల పడవల మీద వెళ్లాను. పదహారు రోజులు. మేము పదహారు మంది ప్రయాణికులం, ఆరుగురు గైడ్లు. నాకు ఈత వచ్చు అని చెప్పుకోలేను; చెరువులో నాలుగు బారలు వేయగలను, అంతే.

ముందుగా, సగం యాత్ర ఆలోచన మానేయండి. చిన్న యాత్ర కదా, పెద్దవాళ్లకు సులువు అని అందరూ అనుకుంటారు. అక్కడే పొరపాటు జరుగుతుంది. ఫాంటమ్ రాంచ్ నుంచి బ్రైట్ ఏంజెల్ కాలిబాట మీదుగా పైకి రావాలంటే తొమ్మిదిన్నర మైళ్లు నడవాలి, దాదాపు 1,340 మీటర్లు ఎక్కాలి. శ్రీశైలంలో పాతాళగంగ మెట్లు ఎక్కిన మోకాళ్లు ఎలా ఉంటాయో తలుచుకోండి. ఇది దానికి ఎన్నో రెట్లు, పైగా అంతా ఎండలో. మాతో వచ్చినవాళ్లలో నలుగురు అక్కడ దిగిపోయారు. అందులో ఒకామె రోజూ పరుగెత్తే మనిషి. తెల్లవారుజామున నాలుగింటికి తలకు దీపం కట్టుకుని బయలుదేరింది. పైకి చేరేసరికి మధ్యాహ్నం దాటిందని, మెట్టు కనిపిస్తే ఏడుపు వచ్చిందని ఆ తరువాత ఉత్తరం రాసింది. రెండో సగం తీసుకుంటే ఆ కొండ దిగాలి, మోకాళ్లకు అది ఇంకా కష్టం. మొత్తం యాత్రలో మాత్రం ఎక్కడా కొండ ఎక్కనక్కరలేదు. పక్క లోయల్లోకి తీసుకెళ్లే నడకలు ఉంటాయి గానీ, వద్దనుకున్నవాళ్లు నీడలో కూర్చోవచ్చు. డైమండ్ క్రీక్ దగ్గర పడవ దిగితే హువలపాయ్ తెగవారి భూమి మీదుగా మట్టిరోడ్డు ఉంది, బండి అక్కడికే వస్తుంది.

ఈ విషయంలో పాత సంగతి ఒకటి నా మనసులో తిరుగుతూ ఉంటుంది. 1869లో జాన్ వెస్లీ పావెల్ తనతో కలిపి పదిమంది బృందంతో, నాలుగు పడవలతో ఈ నది మీద బయలుదేరాడు. అమెరికా అంతర్యుద్ధంలో కుడి చేయి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆగస్టు 28న ఒక భయంకరమైన ఉరవడి ముందు ముగ్గురు ఇక నీళ్లలోకి రామని కొండ ఎక్కి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు రెండు రోజుల్లో క్షేమంగా లోయ దాటారు. కొండ ఎక్కిన ముగ్గురు తిరిగి రాలేదు. ఇప్పటి కాలిబాటకూ దానికీ పోలిక లేదు, నిజమే. కానీ ఈ లోయలో ఒడ్డు ఎప్పుడూ నది కంటే క్షేమం అనుకోకూడదని అప్పుడే నాకు అర్థమైంది.

ఇక పడవ. మోటారు పడవలు ముప్పై అయిదు అడుగుల దాకా ఉంటాయి. పెద్ద గాలి గొట్టాలు కలిపి కట్టినవి. తొణకవు. వారం, ఎనిమిది రోజుల్లో లోయ దాటిస్తాయి. కొన్నిటిలో 187వ మైలు దగ్గర హెలికాప్టర్ ఎక్కిస్తారు (ఇక్కడ మైళ్లన్నీ లీస్ ఫెర్రీ నుంచి దిగువకు లెక్క). సెలవు దొరకనివాళ్లకు అదే మేలు. తెడ్ల పడవ పద్ధెనిమిది అడుగులు. ఒక గైడు మధ్యలో కూర్చుని రెండు పొడవాటి తెడ్లు వేస్తాడు, ముందూ వెనకా కలిపి నలుగురు కూర్చుంటారు. మీరు తెడ్డు ముట్టుకోనక్కరలేదు, తాడు గట్టిగా పట్టుకుంటే చాలు. అందరూ తెడ్లు వేసే చిన్న పడవ వేరే ఉంటుంది, అమ్మగారిని అందులో ఎక్కించవద్దు.

నేను తెడ్ల పడవే ఎంచుకోమంటాను, అదీ సెప్టెంబరు 16 తరువాత. ఆ రోజు నుంచి మార్చి చివరి దాకా నది మీద మోటార్లకు అనుమతి లేదు. పగలు ఎండ ఉంటుంది గానీ జులై మంట ఉండదు. తెడ్డు నీటిని తాకే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. గోడల్లో ఎక్కడో ఒక చిన్న పిట్ట మెట్లు దిగుతున్నట్టు కూత కూస్తుంది. దాని పేరు కాన్యన్ రెన్. మొదటి రెండు రోజులూ నాకు అది వినపడనే లేదు, చెవుల్లో ఊరి రొద ఇంకా మిగిలి ఉంది కాబోలు. మూడో రోజు నుంచి దానికోసమే ఎదురు చూశాను.

నది అంతా తెల్లటి నురుగే అనుకోకండి. దారిలో ఎక్కువ భాగం నిదానమైన నీరు. పక్క లోయల్లో కుంభవృష్టి కురిసినప్పుడు బురద, బండలు కలిసి కొట్టుకొచ్చి నదికి అడ్డం పడతాయి. ఆ అడ్డు మీదుగా నీరు దూకే చోటే ఉరవడి, ఇక్కడి మాటలో రాపిడ్. 98వ మైలు దగ్గరి క్రిస్టల్ రాపిడ్ 1966 డిసెంబరు దాకా అంత పెద్దది కాదు. ఒక్క వరదలో వచ్చిన బండలు దాన్ని అలా మార్చేశాయి. ఇలాంటి పెద్దవాటికి ముందు గైడ్లు పడవలు ఒడ్డుకు కట్టేసి, ఎత్తయిన బండ ఎక్కి నీటిని చూస్తారు. ఒక్కోసారి అరగంట. ఒకే నీటిని అంతసేపు ఎందుకు చూస్తున్నారా అనుకున్నాను మొదట. రాపిడ్ మొదట్లో నీరు నున్నగా, ఆకుపచ్చగా, త్రికోణంలా కిందికి జారుతుంది. దాన్ని వాళ్లు నాలుక అంటారు. ఆ నాలుక మీద ఏ జానెడు చోట పడవ ఎక్కాలో నిర్ణయించుకుంటున్నారన్నమాట. తెడ్లు వేసే అమ్మాయికి ముప్పై ఏళ్లు కూడా లేవు. ఆమె చూపు చూస్తే మీ తాతగారి వంటి పాత సరంగులు గుర్తుకు వస్తారు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఈత. దాచకుండా రాస్తాను. నేను నీళ్లలో పడ్డాను.

రెండో రోజు, 17వ మైలు, హౌస్ రాక్ రాపిడ్. నీరంతా ఎడమవైపు గోడ మీదికి లాగుతుంది, అక్కడ పెద్ద గుంట ఉంది. పడవ కుడికి రావాలి. వచ్చింది కూడా, కానీ చివరి అల పక్కనుంచి కొట్టింది. నేను తాడు ఒక చేత్తోనే పట్టుకున్నాను. రెండో చేయి టోపీ మీద ఉంది. టోపీని కాపాడుకోబోయి నీళ్లలో పడ్డాను. మొదట తెలిసింది తడి కాదు, చలి. ఎవరో గుండె మీద మంచు పలక పెట్టి నొక్కినట్టు ఊపిరి ఆగిపోయింది. కళ్లు తెరిస్తే ఆకుపచ్చ వెలుగు, పైన ఎక్కడో తెల్లగా. కాళ్లు కొట్టాలని కూడా తోచలేదు. ఒంటి మీది లైఫ్ జాకెట్టే నన్ను పైకి లాక్కొచ్చింది. తల బయటికి రాగానే గైడు గొంతు వినపడింది: "పాదాలు ముందుకు! నా వైపు చూడండి!" మొదటి రోజు ఒడ్డున నేర్పినట్టే వెల్లకిలా పడుకుని పాదాలు దిగువకు పెట్టాను. రాయి తగిలితే పాదానికి తగలాలి, తలకు కాదు. ఇంకో పడవ పక్కకు రాగానే జాకెట్టు భుజాల పట్టీలు పట్టుకుని సంచిని లాగినట్టు లోపలికి లాగారు. మొత్తం అర నిమిషం ఉంటుందేమో. పళ్లు మాత్రం గంటసేపు టకటక కొట్టుకున్నాయి.

అంత చలి ఎందుకంటే, ఎగువన 1963లో గ్లెన్ కాన్యన్ ఆనకట్ట తలుపులు మూశారు. ఇప్పుడు లోయలోకి వచ్చేది జలాశయం లోతుల్లోంచి వదిలిన నీరు. నేను వెళ్లినప్పుడు పది, పన్నెండు డిగ్రీలే. కొలరాడో అంటే స్పానిష్ భాషలో ఎర్రనిది అని అర్థం. ఒండ్రంతా ఆనకట్ట వెనక ఆగిపోవడంతో, వానలు పడి పక్క వాగులు బురద తెచ్చిన రోజుల్లో తప్ప ఆ ఎరుపు కనిపించదు. సాగర్ కట్ట కింద పెరిగినదాన్ని కనుక ఆ తేటనీటి రంగు చూడగానే నాకు ఎందుకో దిగులు వేసింది. నది తన రంగు పోగొట్టుకోవడం చిన్న విషయం కాదు.

అందుకని చెబుతున్నాను: ఆ అర నిమిషంలో నన్ను కాపాడినది నా నాలుగు బారల ఈత కాదు, సరిగ్గా బిగించిన జాకెట్టు. ఇక్కడ అది వేసుకోకుండా పడవ కదలదు. ప్రతి ఉదయం గైడు వచ్చి ఒక్కొక్కరి భుజాల పట్టీలు పైకి లాగి చూస్తాడు; గడ్డం దాకా వస్తే మళ్లీ బిగిస్తాడు. ఈత రానివాళ్లను రానిస్తారు, మా గుంపులోనే ఇద్దరు ఉన్నారు. పేర్లు నమోదు చేసేటప్పుడు మాత్రం ఆ విషయం దాచకుండా రాయండి. కచ్చులూరు తరువాత మీ అమ్మగారు లాంచీ ఎక్కలేదంటే దాన్ని నేను పిరికితనం అనను. ఆమె నదిని ఎరిగిన మనిషి. ఆ జాకెట్టు ఒకటి ముందే కొని, మీ దగ్గరి ఈతకొలనులో ఆమెకు తొడిగి, నీళ్లలో వెల్లకిలా తేలే అలవాటు చేయించండి. నాలుగు రోజులు చాలు. నేను చేయని పని అది. చేసి ఉంటే ఆ అర నిమిషం నాకు అంత పొడుగ్గా అనిపించేది కాదు.

నర్సుగా నేను భయపడేది వేరే వాటికి. నా కళ్ల ముందు జరిగిన గాయాలన్నీ ఒడ్డు మీదే జరిగాయి. తడి బండ మీద జారి ఒకాయన మణికట్టు విరిగింది. పొద్దున చీకట్లో గుడారం తాడు తట్టుకుని ఒకామె పడింది. ఎండలో ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే ఒంట్లో ఉప్పు పడిపోయి తల తిరుగుతుంది, మాట తడబడుతుంది. చూసేవాళ్లు ఇంకా నీళ్లే తాగిస్తారు, అది మరీ ప్రమాదం. ఉప్పు కలిసిన పొడులు, ఉప్పు వేసిన పల్లీలు దగ్గర ఉంచండి. రోజంతా తడి, రాత్రంతా ఇసుక. నాలుగో రోజుకు పాదాల మడమలు పగులుతాయి. రాత్రి కడిగి, మందమైన మలాం రాసి, నూలు మేజోళ్లు తొడిగి పడుకోవాలి. పొద్దున బూట్లు దులపకుండా కాలు పెట్టకూడదు, తేళ్లు ఉంటాయి. పగటిపూట నూలు బట్టలు తడిసి ఆరక చలి పుట్టిస్తాయి. త్వరగా ఆరే సల్వార్లు, దాని పైన వానకోటు, వాన ప్యాంటు. ఎండలో వానకోటు ఏమిటి అనిపిస్తుంది, మొదటి అల మీద పడేదాకా.

ఫోన్లు అక్కడ పనిచేయవు. గైడ్ల దగ్గర ఉపగ్రహ ఫోను ఉంటుంది, అవసరమైతే హెలికాప్టర్ వస్తుంది. వచ్చేసరికి మాత్రం గంటలు పడుతుంది. రక్తపోటు మాత్రలు వాడుతుంటే రెండు జతలు చేసి రెండు వేర్వేరు సంచుల్లో పెట్టండి. నీళ్లు తీసే మాత్ర అందులో ఉంటే, ఎండలో ఎలా వాడాలో వెళ్లే ముందు డాక్టరును తప్పకుండా అడగండి. గుండె జబ్బు ఉంటే నా సలహా అంతా పక్కన పెట్టి డాక్టరు మాటే వినండి.

మరుగు సంగతి అడిగినందుకు సంతోషం, ఆడవాళ్లు అడగలేక ఆగిపోయే ప్రశ్న అది. ప్రతి మజిలీలోనూ పొదల చాటున, మనుషులకు దూరంగా ఒక ఇనుప పెట్టె పెడతారు, దానిమీద కూర్చునే పీట ఉంటుంది. పదహారు రోజులదీ మూతలు బిగించి పడవలోనే మోసుకెళ్తారు. లోయలో ఏమీ వదలరు. మూత్రం మాత్రం నదిలోనే విడవాలి. వినడానికి మనకు పాపం అనిపిస్తుంది, నాకూ మనసు ఒప్పలేదు. కానీ వాన సరిగా లేని ఆ నేల మీద, ప్రతి రాత్రీ ఎవరో ఒకరు పడుకునే ఆ కొద్దిపాటి ఇసుకలో విడిస్తే కొద్ది రోజుల్లోనే కంపు కొడుతుంది. వదులైన లంగా ఒకటి ఉంటే నీటి అంచున కూర్చోవడానికి ఇబ్బంది ఉండదు. మా ఆడవాళ్లం ఎగువ వైపు, మగవాళ్లు దిగువ వైపు అని మొదటి రోజే మాట్లాడుకున్నాం.

తిండికి లోటు లేదు. శాకాహారం అని ముందే రాస్తే వండిపెడతారు. నేను ఆవకాయ, కందిపొడి ప్లాస్టిక్ డబ్బాల్లో తీసుకెళ్లాను. తొమ్మిదో రోజుకు కందిపొడి డబ్బా గైడ్ల వంటపెట్టెలో చేరిపోయింది.

---

రాతి పొరలు (డెన్వర్):

మంచి జవాబు. నేను భూగర్భ శాస్త్రం చదివినవాణ్ని, ఒక్క విషయం కలుపుతాను. పూర్తి యాత్ర చేయమనడానికి ఇంకో కారణం ఉంది. 77వ మైలు దగ్గర హాన్స్ రాపిడ్ దాటాక గోడలు నల్లబడతాయి, నది ఇరుకవుతుంది. ఆ నల్లరాయి పేరు విష్ణు షిస్ట్. వయసు సుమారు 170 కోట్ల సంవత్సరాలు. దాన్ని చీల్చుకుంటూ గులాబీ రంగు గ్రానైట్ చారలు పైకి పాకుతుంటాయి. నీటి ఒరిపిడికి ఆ రాయి నగలాగా మెరుస్తుంది.

ఆ పేరు యాదృచ్ఛికం కాదు. 1880ల్లో ఇక్కడ సర్వే చేసిన క్లారెన్స్ డటన్‌కు ఈ శిఖరాలు తూర్పుదేశపు గుళ్లలా కనిపించాయి. విష్ణు ఆలయం, శివాలయం అని పేర్లు పెట్టాడు. బ్రహ్మ, దేవ, రామ, కృష్ణ పేర్ల శిఖరాలూ పటంలో ఉన్నాయి. అమ్మగారికి ముందే చెప్పండి, పైకి చూస్తూ వెతుక్కుంటారు.

120వ మైలు దగ్గర బ్లాక్‌టెయిల్ అనే పక్క లోయలోకి తప్పక వెళ్లమనండి, దూరం లేదు. అక్కడ ఆ నల్లరాయి మీద నేరుగా టేపీట్స్ ఇసుకరాయి కూర్చుని ఉంటుంది. దాని వయసు 50 కోట్ల ఏళ్ల పైచిలుకు. మధ్యలో ఉండాల్సిన దాదాపు 120 కోట్ల ఏళ్ల రాళ్లు అక్కడ లేవు, కోసుకుపోయాయి. ఆ గీత మీద అరచేయి ఆనిస్తే బొటనవేలు ఒక కాలంలో, చిటికెనవేలు ఇంకో కాలంలో ఉంటాయి. అమ్మగారు చిన్నప్పుడు పాపికొండల్లో చూసినవి ఖోండలైట్ రాళ్లు. అవీ భూమి లోతుల్లో వేడికి, ఒత్తిడికి రూపం మారినవే. ఆ నల్లరాయి ఆమెకు మరీ కొత్తగా అనిపించదని నా నమ్మకం.

---

పట్టిసీమ రేవు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. సాగర్ దిగువ గారూ, మీ జవాబు అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. హౌస్ రాక్ దగ్గరికి వచ్చేసరికి భయపడుతుందేమోనని ఆగాను. "ఆగావేమిరా, చదువు" అంది. మొత్తం విన్నాక, "టోపీ పట్టుకోకూడదన్నమాట" అంది, అంతే. శివాలయం, విష్ణు ఆలయం సంగతి విని మాత్రం కాసేపు మాట్లాడలేదు.

సగం యాత్ర మానుకున్నాం. ఇంక రెండు సందేహాలు. 179వ మైలు దగ్గరి లావా ఫాల్స్ అనే రాపిడ్ గురించి చదివినకొద్దీ నాకే భయం వేస్తోంది. అది ఎలా ఉంటుంది? ఇంకొకటి అమ్మ అడిగింది: గోదావరికి చేసినట్టు ఆ నదికి పసుపు కుంకుమ, పువ్వులు, ఒక దీపం వదలవచ్చా?

---

సాగర్ దిగువ (టూసాన్):

లావా ఫాల్స్ మాకు పద్నాలుగో రోజు వచ్చింది. ఆ ఉదయం ఎవరూ సరిగా తినలేదు. గైడ్లు కూడా తక్కువ మాట్లాడారు. ఒక మైలు ఎగువన నది మధ్యలో నల్లటి లావా బండ ఒకటి లేచి నిలబడి ఉంటుంది, అది దాటాక ఇక వచ్చేదదే అని అందరికీ తెలుసు. కుడి ఒడ్డున నల్లరాళ్ల మీదికి ఎక్కి చూశాం. మా పడవకు తెడ్లు వేసే గైడు అమ్మాయి చేతిలో ఎండుపుల్ల పట్టుకుని నీటిలోని అలలను ఒక్కొక్కటే చూపించింది. ముందు నురుగు బుడగల గీత, తరువాత రెండు అలలు ఎదురెదురుగా వచ్చి ఢీకొట్టే చోటు, కిందన పెద్ద నల్ల బండ. "ఢీకొట్టే చోట మీరు ముందుకు వంగి పడవను కిందికి నొక్కాలి. మిగిలింది నాది" అంది. లోపల ఉన్నది ఇరవై సెకన్లు ఉంటుందేమో. రెండుసార్లు నీళ్లు తల మీదుగా వెళ్లాయి, మూడోసారి ఆకాశం కనపడింది. ఎవరూ పడలేదు. పడవ బోర్లాపడటం అక్కడ జరుగుతూనే ఉంటుంది, జరగదని మీకు మాట ఇవ్వలేను. అందుకే మిగతా పడవలు దిగువన నిదానం నీటిలో కాచుకుని ఉంటాయి. అప్పటికి మీ అమ్మగారు పదమూడు రోజులు నీటిమీద ఉండి ఉంటారు. మొదటి రోజు మనిషి కాదు ఆమె అప్పటికి.

లావా కంటే ముందుగా 61వ మైలు గురించి ఆమెకు చెప్పండి. ఎడమ నుంచి లిటిల్ కొలరాడో వచ్చి కలుస్తుంది. ఎగువన వానలు లేకపోతే దాని నీరు సున్నం కలిసి, పాలు కలిపిన నీలంలా ఉంటుంది. పెద్ద నది ఆకుపచ్చ, చిన్న నది నీలం. కాసేపు కలవకుండా పక్కపక్కనే నడుస్తాయి. మన సంగమమే అది. హోపీ తెగవారు తమ పూర్వీకులు ఈ లోకంలోకి వచ్చిన చోటు ఆ చిన్న నది లోయలోనే ఉందని నమ్ముతారు. నవాహోలకూ అది పవిత్రమైన నీరే. మన మొక్కుబడి పెట్టడానికి ముందు అది వాళ్ల క్షేత్రమని గుర్తుంచుకోవాలి.

అందుకని దీపం వద్దు, పసుపు కుంకుమ వద్దు, పువ్వు కూడా వద్దు. గిన్నెలు కడిగిన నీళ్లు కూడా జల్లెడపట్టి, మెతుకులు సంచిలో కట్టి మోసుకెళ్లే చోటు. బయటి వస్తువు ఏదీ అక్కడ వదలకూడదు. నాకు మొదట బాధ కలిగింది, పుట్టింటి నుంచి తెచ్చుకున్న కుంకుమ చిన్న భరిణెలో నాతోనే ఉంది. అది తెరవలేదు. దోసిట్లో నీళ్లు తీసుకుని, కళ్లకు అద్దుకుని, తూర్పుకు తిరిగి మూడుసార్లు వదిలాను. ఆ నీళ్లు ఆ నదివే. మా అమ్మ పేరు చెప్పుకున్నాను, ఆమె పోయి అప్పటికి ఏడాది కాలేదు. పక్కన గైడు టోపీ తీసి, అడగకుండానే మౌనంగా నిలబడింది.

ఇంకొక్క మాట, బుకింగ్ గురించి. ఏడాదికి పైగా ముందే సీట్లు నిండిపోతాయి. ఒక మనిషికి ఒక ఏడాదిలో ఈ లోయలో ఒక్క యాత్రకే అనుమతి. ఒక్కొక్కరికి కొన్ని వేల డాలర్లు అవుతుంది, చివర గైడ్లకు ఇచ్చే బహుమానం అందులో కలవదు, దాన్ని విడిగా లెక్క వేసుకోండి.

---

పట్టిసీమ రేవు:

2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి, అవి చూడకుండా అమ్మ ఎక్కడికీ కదలదు. పుష్కర స్నానం అయ్యాక ఆ సెప్టెంబరు చివరికి ఇద్దరి పేర్లూ రాయిస్తున్నాను, పదహారు రోజుల తెడ్ల పడవకే. దీపం సంగతి చెప్పాను. "దోసెడు నీళ్లు చాలు" అంది. ఆ 61వ మైలు దగ్గర నీటి అంచుకు ఆమె ఎలా దిగాలి?

---

సాగర్ దిగువ (టూసాన్):

నెమ్మదిగా దిగాలి. ఆనకట్ట దగ్గర కరెంటు అవసరాన్ని బట్టి నీటిని పెంచుతూ తగ్గిస్తూ వదులుతారు. ఆ పెరుగుదల దిగువకు వచ్చేసరికి గంటలు పడుతుంది కనుక ఒక్కో చోట ఒక్కో వేళకు మట్టం మారుతుంది. రాత్రి నీళ్లలో ఉన్న పడవ పొద్దునకు ఇసుక మీద ఉంటుంది. అందుకే గైడ్లు పడవల్లోనే పడుకుని తాళ్లు చూసుకుంటారు. నీరు తగ్గిన అంచున ఇసుక పైకి గట్టిగా కనిపించి, అడుగు వేయగానే మోకాలి దాకా దిగబడుతుంది. జాకెట్టు విప్పకుండానే దిగమనండి. గైడును ఒక పక్కన, మిమ్మల్ని ఇంకో పక్కన ఉంచుకుని, చీలమండ దాకా నీళ్లు వచ్చిన చోట ఆగిపోమనండి. అక్కడికి వంగితే దోసిలికి నీళ్లు అందుతాయి.